రెండంతస్తుల నాబ్, ఐదంకెల తెర: సిమ్యులేటర్ రేడియో బాక్స్‌తో మూడు నెలలు

రన్‌వేకి ఇంకా ఎనిమిది మైళ్లుంది. రాత్రి, పైగా మబ్బు. రన్‌వేకి సూటిగా దారి చూపే రేడియో సంకేతం ఐఎల్‌ఎస్ కోసం ఫ్రీక్వెన్సీ 110.30 పెట్టాలి, రేడియోలో 109.90 ఉంది. కంప్యూటర్ తెర మీద మౌస్ బాణాన్ని రేడియో నాబ్ బయటి చక్రం మీద పెట్టి వీల్ తిప్పబోయాను. అంతలో విమానం చిన్న కుదుపుకి ఊగింది. బాణం వెంట్రుకవాసి జరిగి లోపలి చక్రం మీదికి పోయింది. 109.95, 109.00, 109.05... సరిచేసుకుని తలెత్తేసరికి రెక్క ముప్పై డిగ్రీలు వాలి ఉంది, రన్‌వే సూటి దాటేసి అవతలికి వచ్చేశాను.

మర్నాడే రేడియో బాక్స్ ఆర్డర్ పెట్టాను. రెండు అరచేతులంత నల్ల డబ్బా. యాక్టివ్‌కి (ఇప్పుడు వాడుతున్న ఫ్రీక్వెన్సీ) ఒకటి, స్టాండ్‌బైకి (తర్వాత వాడబోయేది) ఒకటి, రెండు ఎర్రంకెల తెరలు. కామ్ (మాట్లాడే రేడియో), నావ్ (దారి చూపే రేడియో), ఏడీఎఫ్ (నేలమీది స్టేషన్ ఏ దిక్కున ఉందో చూపేది), ట్రాన్స్‌పాండర్ (నాలుగంకెల కోడ్‌తో విమానాన్ని రాడార్‌కి గుర్తు పట్టించేది), వీటిలో కావలసింది ఎంచుకునే మీట, యాక్టివ్‌నీ స్టాండ్‌బైనీ తారుమారు చేసే స్వాప్ బటన్. అన్నిటికన్నా ముఖ్యం, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు నాబ్‌లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ అచ్చులో ఇంకొందరూ చేస్తున్నారు, ఎవరిది కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

కింద ఉన్న పెద్ద నాబ్ మెగాహెర్ట్జ్‌కి, అంటే చుక్కకి ముందు అంకెలకి; పైనున్న చిన్నది కిలోహెర్ట్జ్‌కి, అంటే చుక్క తర్వాతి వాటికి. నిజం విమానాల్లో కూడా ఈ పద్ధతే ఎందుకు పెట్టారో వారం పోయాక గానీ నాకు తలకెక్కలేదు. దీన్ని చూడక్కర్లేదు, లెక్కపెడితే చాలు. నా బాక్స్‌లో చిన్న నాబ్‌కి చుట్టుకి 20 టిక్కులు. నావ్ రేడియో 108.00 నుంచి 117.95 దాకా 50 కిలోహెర్ట్జ్ మెట్ల మీద నడుస్తుంది, అంటే మెగాహెర్ట్జ్‌కి 20 మెట్లు. చిన్న నాబ్ నిండుగా ఒక చుట్టు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తాం. ఆ రాత్రి నన్ను ముంచిన లెక్క ఇప్పుడు ఇంతే: పెద్దది కుడికి ఒక టిక్కు, చిన్నది కుడికి ఎనిమిది. 95 దాటితే 00 వస్తుంది, మెగాహెర్ట్జ్ అంకె కదలదు. ఎడమకి తిప్పితే పన్నెండు టిక్కులయ్యేవి. ఎనిమిదంటే సగం చుట్టు కూడా కాదు. కళ్లు విమానం మీటర్ల సూదుల మీదే ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి.

కామ్‌లో 25 కిలోహెర్ట్జ్ మెట్లయితే మెగాహెర్ట్జ్‌కి 40, అంటే రెండు చుట్లు. నేల మీద నడిపించే కంట్రోలర్ (గ్రౌండ్) 121.900 నుంచి రన్‌వే చూసుకునే కంట్రోలర్ (టవర్) 118.300కి మారాలంటే పెద్దది ఎడమకి మూడు, చిన్నది కుడికి పదహారు. మొదట్లో పైకే లెక్కపెట్టేవాణ్ణి. పక్క గదిలోంచి మా ఆవిడ, "అర్ధరాత్రి ఆ టిక్కుటిక్కేంటండీ, లెక్కలేంటండీ" అంది. లెక్క మనసులోకి మారింది. టిక్కులు మాత్రం గట్టిగానే వినిపిస్తాయి, దానికి నా దగ్గర మందు లేదు.

యూరప్ మీద ఎగిరితే మాత్రం ఈ సుఖం సగమే. అక్కడ 8.33 కిలోహెర్ట్జ్ పద్ధతి. పాత 25 కిలోహెర్ట్జ్ జాగాని మూడు ముక్కలు చేసి 005, 010, 015 అని ఛానల్ పేర్లిచ్చారు. పాత పేర్లనీ కలిపితే మెగాహెర్ట్జ్‌కి 160 మెట్లు. పైన పదహారు టిక్కులన్న చోట అరవై నాలుగు తిప్పాలి, మూడు చుట్ల పైమాటే. వేగంగా తిప్పితే పెద్ద అంగలు వేసే ఏర్పాటు బాక్స్‌లో ఉంది. అది ఉన్నంతసేపూ నా లెక్క కుదరదు, తీసేస్తే మణికట్టు నొప్పి. నేను తీసేశాను.

దానికన్నా చిరాకు పెట్టింది తెర. అంకెలు ఐదే. 132.010 పెట్టినా 132.015 పెట్టినా 132.01 అనే చూపిస్తుంది. రెండూ వేర్వేరు ఛానళ్లు. వాట్సిమ్‌లో, అంటే అవతల కంట్రోలర్‌గా నిజం మనిషి కూర్చునే నెట్‌వర్క్‌లో, ఒకసారి టవర్‌ని నాలుగుసార్లు పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. మైకు పోయిందనుకుని కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. విమానం ప్యానెల్ మీద చూస్తే తేడా ఒక్క మెట్టు. ఆరంకెల తెర లేని బాక్స్ ఇక కొనను.

ఇంకోటి: పెడల్స్, స్టిక్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కే దీన్నీ తగిలిస్తే అంకెలు మసకబారి, అప్పుడప్పుడు సిమ్‌కి బాక్స్ కనబడడం మానేసేది. నేరుగా కంప్యూటర్‌కి పెట్టాక ఆ గొడవ పోయింది.

ట్రాన్స్‌పాండర్ కోడ్‌కి ఈ నాబ్ శుద్ధ దండగ. పెద్దదాంతో ఏ అంకె మార్చాలో ఎంచుకోవాలి, చిన్నదాంతో 0 నుంచి 7 దాకా తిప్పాలి, అలా నాలుగుసార్లు. తిప్పే దారిలో 7500, 7600, 7700 తగలకుండా చూసుకోవాలని నిజం పైలట్లకి చెప్తారు: హైజాక్, రేడియో చెడిపోవడం, ఎమర్జెన్సీ. అందుకే మూల పడున్న నంబర్ ప్యాడ్ తీసి, చిన్న స్క్రిప్ట్ రాసి, నాలుగంకెలు కొట్టి ఎంటర్ నొక్కితే కోడ్ పడేలా చేసుకున్నాను. ఫ్రీక్వెన్సీ కూడా అలాగే పెట్టొచ్చని స్క్రిప్ట్ ఆన్ చేయడం మర్చిపోయి ఒకరోజు 12775 కొట్టాను. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ఆ మీటలకి ముందునుంచే ఎలివేటర్, ట్రిమ్, అంటే విమానం ముక్కుని ఎత్తి దించే పనులుంటాయి. విమానం ముక్కెత్తింది, వెంటనే దించింది. ప్రయాణికులు లేరు కాబట్టి సరిపోయింది. ప్యాడ్ వాడదలుచుకుంటే ముందు ఆ కేటాయింపులు తీసేయండి.

డబ్బు పెట్టే ముందు ఊరికే వచ్చేవి చూడండి. సిమ్‌లోని ఏటీసీ విండో (కంట్రోలర్‌తో మాటలు నడిపే కిటికీ) వాడేవాళ్లయితే అందులో ట్యూన్ అని ఎంచుకుంటే ఫ్రీక్వెన్సీ అదే పడుతుంది, అసలు నాబ్ జోలికే పోనక్కర్లేదు. స్టిక్ మీద ఖాళీ బటన్లు ఐదున్నా చాలు: మెగాహెర్ట్జ్ పెంచడం, తగ్గించడం, కిలోహెర్ట్జ్ పెంచడం, తగ్గించడం, స్వాప్. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లోనూ ఇలా కేటాయించుకోవచ్చు. బాక్స్ కొనకముందు ఈ పని చేసి ఉంటే ఇంకో ఏడాది ఆగేవాణ్ణేమో. టంకం పట్టడం వచ్చినవాళ్లు రెండు నాబ్‌ల ఎన్‌కోడర్ (తిప్పిన టిక్కుల్ని సంకేతాలుగా మార్చేది), ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు తెచ్చుకుని మొబిఫ్లైట్ అనే ఉచిత ప్రోగ్రాంతో సిమ్‌కి కలుపుకోవచ్చు. అంకెలెన్ని కావాలంటే అన్ని, తెర మీ ఇష్టం. నోటితో చెప్పి పెట్టించే దారీ ప్రయత్నించాను. నైన్‌ని నైనర్ అని, ఫైవ్‌ని ఫైఫ్ అని రేడియో పద్ధతిలో పలికితే ఆ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాలేదు. అలా పలకమన్నది వినేవాడికి పొరపాటు రాకూడదనే కదా!

ఎక్కడ పెట్టుకోవాలన్నది కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. సెస్నా 172 అనే చిన్న విమానంలో పైలట్ ఎడమ చేతిలో యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) ఉంటుంది, రేడియోలు కుడి వైపు ఉంటాయి. నేను స్టిక్ కుడి చేత్తో పట్టుకుంటాను, కాబట్టి నా బాక్స్ ఎడమ పక్కనే ఉండాలి. మొదటి వారం ఫొటోల్లో చూసినట్టు కుడివైపు పెట్టి, ట్యూన్ చేయాల్సినప్పుడల్లా స్టిక్ వదిలేశాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లయితే ఇంకో అర కలుపుకోండి. కీబోర్డు కనబడనప్పుడు చేతికి దొరికేది ఈ నాబే, ఆ ఐదంకెల తెర ఎలాగూ కనబడదు. నేను స్వాప్ బటన్ మీద బియ్యపు గింజంత జిగురు చుక్క పెట్టి ఆరనిచ్చాను, తడుముకుంటే వేలికి తెలియాలని.