హన్మకొండలో ‘ఉచిత కంటి పరీక్ష’ బోర్డు చూసి లోపలికి వెళ్లేవారికి హెచ్చరిక

కోపం చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త కటువుగా ఉంటే మన్నించాలి. దుకాణం పేరు రాయడం లేదు. పండుగ దగ్గరపడిందంటే చాలు, ‘కంటి పరీక్ష ఉచితం, ఫ్రేము సగం ధరకే’ అని ఫ్లెక్సీలు కట్టే కళ్లద్దాల దుకాణాలను మన హన్మకొండ, వరంగల్‌లలో తిరిగేవారందరూ చూసే ఉంటారు. అలాంటి వాటిలో ఒకటి మా బాపుకు 11,800 రూపాయలకు ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం, దగ్గర రెండూ ఒకే లెన్సులో కనిపించేవి) అంటగట్టింది.

బాపుకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి, షుగర్ ఉంది. కొంతకాలంగా దూరపు చూపు మసకబారి, రాత్రిపూట ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు కళ్లలో చెదిరిపోతున్నాయని అంటున్నారు. చిత్రంగా దగ్గరి చూపు మాత్రం మెరుగుపడింది. 2023లో ప్రభుత్వ కంటివెలుగు పథకం రెండో విడతలో ఇచ్చిన అద్దాలను పక్కన పెట్టేసి పేపరు చదువుతున్నానని ఆయన గొప్పగా చెబితే, దుకాణదారు “పెద్దాయన కండ్లు బంగారం లెక్కున్నయి సార్, ఈ వయసుల దగ్గరి పవర్ తగ్గుడంటే అదృష్టం” అన్నాడు. మేమూ మురిసిపోయాం.

పరీక్ష అంటే గడ్డం ఆనించి మిషన్‌లోకి చూడటమే. మిషన్ మొరాయిస్తే మళ్లీ మళ్లీ చూడమన్నారు. చివరికి బయటికి వచ్చిన చీటీలో ఏ అంకెలుంటే ఆ అంకెలతోనే లెన్సులకు ఆర్డర్ రాశారు. ఆ అంకె మొదటి అంచనా మాత్రమే. ఆ తర్వాత అక్షరాల బోర్డు చదివిస్తూ, ఒక్కొక్క అద్దం మార్చి ‘ఇది బాగుందా, ముందుది బాగుందా’ అని అడిగి పవర్ ఖాయం చేయాలి. అది జరగలేదు. షుగర్ ఉందా అని కూడా ఎవరూ అడగలేదు. రక్తంలో షుగర్ బాగా హెచ్చుతగ్గులవుతున్న రోజుల్లో కంటిలోని కటకం కూడా మారి పవర్ మారుతుంది కాబట్టి, అది అదుపులోకి వచ్చాకే అద్దాలు రాయాలన్నది ఆ వృత్తిలో ఉన్నవారికి కొత్త విషయం కాదు.

పరీక్షకు దొరకని తీరిక ప్రదర్శనకు దొరికింది. ఊదారంగు లేజర్ పెన్ను తీసి, మామూలు లెన్సు గుండా ఒక అట్ట మీద వెలుగు పడేలా చూపించి, తర్వాత నీలి వెలుగును ఆపుతుందని చెప్పే ‘బ్లూ కట్’ లెన్సు అడ్డం పెట్టగానే ఆ వెలుగు మాయమైతే, “చూసిన్రా సార్, ఫోన్ల విషమంతా ఇక్కడనే ఆగిపోయింది” అన్నాడు. ఆ పెన్ను వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 405 నానోమీటర్లు, ఫోను తెరల నీలి వెలుగు ఎక్కువగా ఉండేది 450 దగ్గర. ఆ పెన్నును ఆపినంత మాత్రాన తెర వెలుగును ఆపినట్టు కాదు. బ్లూ కట్ అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదని వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్ష కూడా తేల్చింది. అన్నిటినీ మించి, మా బాపు దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆ అదనపు సొమ్ము కట్టిన మహానుభావుడిని నేనే.

అద్దాలు వచ్చాయి, తలనొప్పీ వచ్చింది. మెట్లు దిగుతూ తూలి గోడ పట్టుకున్నారు. అడిగితే “అలవాటు కావాలె” అన్నారు. అలవాటు కాలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు గిరాకీ నిండుగా ఉంది. దుకాణదారు మాట పెడసరంగా మారింది. బిల్లు వెనుక సన్నని అక్షరాల్లో ఉన్న ‘తయారైన అద్దాలు వాపసు తీసుకోబడవు’ అన్న వాక్యం మీద వేలు పెట్టి, అందరూ వింటుండగా, మా బాపు వైపు చూడకుండా నాతో అన్నాడు: “ఆయన కండ్లల్ల మోతిబిందు ఉంది సార్, అద్దాలేం జేస్తయి? ఆ రోజే మిషన్ రీడింగ్ సక్కగ రాలే.”

ఆ రోజే తెలుసు. తెలిసి కూడా బంగారం లాంటి కళ్లని పొగిడి, డాక్టరుకు చూపించుకోండి అన్న ఒక్క మాట దాచుకొని, రేటు ఎక్కువున్న లెన్సును ఎంచి అమ్మాడు. బాపు ఏమీ అనలేదు, అద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్నారు. డబ్బు కన్నా అదే నాకు ఎక్కువ మండుతోంది.

తర్వాత కంటి డాక్టరు దగ్గర కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు, అంటే ఆ మోతిబిందే, తేలాయి. కటకం నడుమ భాగం గట్టిపడుతున్నప్పుడు దగ్గరి చూపు కొన్నాళ్లు బాగుపడినట్టు అనిపిస్తుందట. మేము సంబరపడిన ‘అదృష్టం’ అదే. శుక్లం చుక్కల మందుతోనో అద్దాలతోనో కరగదు, ఆపరేషన్ చేసి కటకం మార్చాల్సిందే. పైగా ఆ 11,800 రూపాయల అద్దాలను అక్కడి మిషన్‌లో పెట్టి చూస్తే ఎడమ లెన్సు సిలిండర్ పవర్ (అడ్డదిడ్డంగా కనిపించే మసకను సరిదిద్దేది) కోణం తప్పు, కంటిపాపకు ఎదురుగా ఉండాల్సిన గుర్తు కిందికి జారింది. ముఖం మీద ఫ్రేము పెట్టి కంటిపాప ఉన్నచోట గుర్తు పెట్టుకోకుండా ప్రోగ్రెసివ్ లెన్సు కోస్తే ఇంకేమవుతుంది?

కాబట్టి నలభై దాటినవారు అద్దాల కంటే ముందు కంటి డాక్టరును కలవండి, వరంగల్‌లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నీటికాసులు (గ్లాకోమా) చాలామందిలో నొప్పి లేకుండా చూపును తినేస్తాయి, కంటి ఒత్తిడి కొలిపించుకోండి. షుగర్ ఉన్నవారు ఏడాదికొకసారి చుక్కలు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి. ఆ పూట బండి నడపకండి. పవర్ రాసిన కాగితం అడిగి తీసుకోండి, అది మీదే. లోపమున్న వస్తువును వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే వాపసుకు గడువు 30 రోజులు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఫిర్యాదు ఇచ్చాను, బిల్లు, లెన్సు కవరు రెండూ జోడించాను. మీ దగ్గర కూడా అవి ఉంటే పారేయకండి.