మెట్ల మీద నీళ్ళు, వాటిలో ఆకుపచ్చ వెలుగు: గ్లో స్టిక్‌లతో నా అనుభవం

నేను గ్లో స్టిక్‌లు, అంటే విరిస్తే వెలిగే ప్లాస్టిక్ గొట్టాలు, మొదటిసారి 2021లో కొన్నాను. పుట్టినరోజులకి పిల్లలు చేతికి చుట్టుకునే సన్నవి కావు. ఆరంగుళాల పొడవు, బొటనవేలంత లావు ఉండి, ఒక్కొక్కటీ విడిగా రేకు కవర్లో సీలు వేసి వచ్చే ఆకుపచ్చవి. డజను తీసుకున్నాను. ఒకసారి విరిస్తే మళ్ళీ పనికిరాని వస్తువుకి ఇంత డబ్బా, ఆ డబ్బుకి మంచి టార్చి లైటు వస్తుంది కదా అన్నారు మా అత్తయ్యగారు. మూడేళ్ళలో కరెంటు పోయిన రాత్రులు మహా అయితే మూడో నాలుగో వాడి ఉంటాను. మిగతావి బీరువాలోనే ఉండిపోయాయి.

వాటి విలువ నాకు తెలిసింది 2024 సెప్టెంబరు 1న. మేము విజయవాడ సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులో ఉంటాం. ఆ ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు వీధిలోకి వచ్చాయి. చూస్తుండగానే కింది వాటాలోకి జొరబడ్డాయి. కింది బాబాయిగారు, పిన్నిగారు చేతికందిన బట్టలు మూట కట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. కరెంటు లేదు. మెట్ల కింద పెట్టిన ఇన్వర్టర్ మునిగిపోయింది. సెల్‌ఫోన్లలో ఉన్న కాస్త చార్జింగూ మాట్లాడటానికే దాచుకోవాలి.

చీకటి పడ్డాక మెట్ల దగ్గర గ్యాస్ వాసన మొదలైంది. కింద వంటింట్లో గ్యాస్ బండ నీళ్ళలో తేలి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. గ్యాస్ గాలి కంటే బరువు, పల్లంలోనే పేరుకుంటుంది. మా మెట్లు మూడు పక్కలా గోడలున్న బావిలా ఉంటాయి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూద్దామని బాబాయిగారు కొవ్వొత్తి, అగ్గిపెట్టె తీసుకుని బయల్దేరారు. "బాబాయిగారూ, ఆగండి, వెలిగించకండి!" అని అరిచాను. ఆయన చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కున్నంత పని చేశాను. బీరువా తీసి గ్లో స్టిక్ పట్టుకొచ్చాను.

మధ్యలో వంచగానే లోపలి సన్నని గాజు గొట్టం పుటుక్కుమంది. ఆ గొట్టానికి లోపల ఒక రసాయనం, బయట ఇంకొకటి ఉంటాయి. ఒకటి హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండూ కలిస్తే వెలుగు వస్తుంది తప్ప నిప్పు, రవ్వ, సెగ ఉండవు. నాకు వీటి మీద ఇంత ప్రేమ పుట్టడానికి కారణం ఈ ఒక్క గుణమే. గ్యాస్ వాసన కొడుతున్న చోట స్విచ్ వేసే టార్చిని కూడా నమ్మలేం. దీన్ని మాత్రం భయం లేకుండా పట్టుకెళ్ళవచ్చు. ముందు పైనున్న కిటికీలు, తలుపులు అన్నీ తెరిచాం.

నీళ్ళు అప్పటికి తొమ్మిదో మెట్టు మీద ఉన్నాయి. స్టిక్‌ను పదో మెట్టు దగ్గర, రెయిలింగ్ కింది కమ్మీకి పరికిణీ నాడాతో కట్టి పైకి వచ్చేశాను. ఎవరైనా దిగితే జారిపోకుండా మెట్టు కనిపించాలన్నదే నా ఉద్దేశం. రాత్రి ఒంటిగంటన్నరకి లేచి పైనుంచే తొంగి చూశాను. వెలుగు ఉంది కానీ, నీళ్ళ అడుగున ఉంది. బురద నీళ్ళలోంచి మసక ఆకుపచ్చగా కనబడుతోంది. నాకు కాళ్ళు వణికాయి. కిందకి దిగకుండానే నీళ్ళు పెరుగుతున్నాయని తెలిసిపోయింది. అత్తయ్యగారిని, పిల్లల్ని వెంటనే రెండో అంతస్తు వాళ్ళింటికి పంపేశాం. ఇంకో స్టిక్ పన్నెండో మెట్టు దగ్గర కట్టాను. తెల్లవారుజామున నాలుగున్నరకి చూస్తే అది తడవలేదు. నీళ్ళు దానికి జానెడు కిందే ఆగాయి. అప్పుడు కూర్చుని ఏడ్చాను, ధైర్యం వచ్చి.

అక్కడి నుంచి రాత్రికొకటి లెక్కన వాడుకున్నాం. పడవల్లో పాలు, మంచినీళ్ళు తెచ్చేవాళ్ళకి మా మెట్లు కనబడాలని చీకటి పడే వేళకి గ్రిల్లుకి కట్టేవాళ్ళం.

ఇంత మెచ్చుకున్నాక అసలు సంగతి కూడా చెప్పాలి. కవరు మీద పన్నెండు గంటలని రాసి ఉంటుంది. నా లెక్కలో గట్టి వెలుగు మొదటి రెండు మూడు గంటలే. ఆ తర్వాత ఫలానా చోట ఏదో ఉందని తెలుస్తుంది కానీ, పనికి చాలదు. అత్తయ్యగారి బీపీ మాత్ర పేరు నేను దీని వెలుగులో చదవలేకపోయాను. దానికి టార్చే కావలసి వచ్చింది, ఆవిడ అన్నమాట నిజమే. వేడిలో లోపలి చర్య వేగంగా జరుగుతుంది కాబట్టి, మే నెలలో విరిస్తే బాగా వెలిగి తొందరగా మందగిస్తుంది. విరిచిన దాన్ని ఫ్రీజర్లో పెడితే చర్య నెమ్మదిస్తుంది. కరెంటు లేని ఇంట్లో అదెలా కుదురుతుంది?

రేకు కవరు విషయంలో జాగ్రత్త. వరద తర్వాత మిగిలిన రెండింటిలో ఒకదాని కవరు అంచున చిరిగి ఉంది. 2025 వేసవిలో విరిస్తే మిణుగురు పురుగంత కూడా వెలగలేదు. తేమ తగిలితే అంతే. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వీటిని చేతికందనీయకూడదు. కొరికితే ఆ ద్రవంతో నోరు మండుతుంది, లోపల గాజు ముక్కలు కూడా ఉంటాయి. వాడిన ప్రతిదీ ప్లాస్టిక్ చెత్త కావడం కూడా నాకు బాధగానే ఉంటుంది.

అందుకే ఇప్పుడు రోజువారీ కరెంటు కోతలకి చార్జింగ్ లైటు కొన్నాం, గ్లో స్టిక్‌లు తీయడం లేదు. నీళ్ళొచ్చే పల్లంలో ఉన్నాం కాబట్టి, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి, నా మటుకు అరడజను ఉంచుకుంటాను. ఎత్తులో, నీటి భయం లేని చోట ఉండేవాళ్ళకి ఈ ఖర్చు అవసరమో కాదో నేను చెప్పలేను. కొత్తగా తెచ్చిన వాటి కవర్ల మీద కొన్న నెల మార్కర్‌తో రాసి, ఒక్కోదానికీ నాడా ముక్క కట్టి బీరువా పై అరలో పెట్టాను. రెండు మాత్రం కింది బాబాయిగారు అడిగి పట్టుకెళ్ళారు.