ఒడ్డూపొడుగూ లేని డ్రైవర్లకి ఫ్లాట్‌బెడ్ సామాను: డబ్బు ముందు దేనిమీద పెట్టాలి

అమెరికాలో ఫ్లాట్‌బెడ్ (గోడలూ, పైకప్పూ లేని ట్రెయిలర్) డెక్ నేలనుంచి దాదాపు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో బండి మొత్తం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు కాబట్టి లోడు డెక్ మీద ఇంకో ఎనిమిదిన్నర అడుగులు లేవొచ్చు. ఐదడుగుల రెండంగుళాల మనిషికి ఈ పనిలో కష్టమంతా అక్కడే. బండి నడపడం ఎవరైనా నేర్చుకోవచ్చు. చైన్లు మోయడం, స్ట్రాపులు బిగించడం, టార్పులు కప్పడం మాత్రం సామాను సరిగ్గా ఎంచుకోకపోతే నడుం విరగ్గొడతాయి. కంపెనీ ఇచ్చిన సామానులో ఏది ఉంచుకోవాలి, ఏది సొంత డబ్బుతో మార్చుకోవాలి అన్నదే ఈ సమీక్ష.

మొదటి ఖర్చు రాచెట్ బైండరు, అంటే సరుకు మీద వేసిన చైనును లాగి బిగించే పరికరం. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. లివర్ బైండరు చౌక, తేలిక, చకచకా పడుతుంది. కానీ దాన్ని మూయడానికి కావలసిన బలమంతా ఒక్క ఊపులో పెట్టాలి. తక్కువ బరువున్న మనిషి ఆ ఊపు కోసం పిడికి పైపు తొడుగుతారు. పైపు జారినా, పిడి వెనక్కి తన్నినా దెబ్బ మొహానికో, ముంజేతికో. రాచెట్‌లో అదే బిగుతు మర చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెంగా వస్తుంది, విప్పేటప్పుడూ అంతే నెమ్మదిగా వదులుతుంది.

వాడే పద్ధతి ముఖ్యం. ముందు మరను పూర్తిగా విప్పండి. తర్వాత చేత్తో ఎంత లాగగలిగితే అంత లాగి, అందిన ఆఖరి లంకెలో హుక్ వేయండి. ఇక్కడ బద్ధకిస్తే మర అంతా అయిపోయినా చైను వదులుగానే ఉంటుంది, మళ్లీ మొదటికి. బైండరు ఎక్కడ పడుతుందో కూడా ముందే చూసుకోవాలి. నేలమీద నిలబడితే పిడి నడుముకీ ఛాతీకీ మధ్య ఆడాలి. తలకన్నా పైన పడితే ఎంత మంచి బైండరైనా దండగే. బిగించాక పిడిని మిగిలిన చైనుతో చుట్టి కట్టేయండి, లేకపోతే దారి కుదుపులకి తిరిగి వదులవుతుంది. ఇవి చెడిపోయేది ఎక్కువగా మరలో ఇసుక చేరి గ్రీజు ఎండిపోవడం వల్ల. బ్రష్షుతో తుడిచి గ్రీజు పెట్టుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి. ఐదుకి ఐదు.

చైన్ల సంగతి కొంచెం లెక్క. 3/8 అంగుళాల గ్రేడ్ 70 (బలాన్ని చెప్పే తరగతి) చైను పని పరిమితి, అంటే భద్రంగా పట్టగల బరువు, 6,600 పౌండ్లు. ఇరవై అడుగుల ముక్క ముప్పై పౌండ్ల పైమాటే. 5/16 చైను పరిమితి 4,700, అదే పొడవు ఇరవై రెండు పౌండ్ల దగ్గర ఆగుతుంది. కట్టుల పరిమితులన్నీ కలిపితే సరుకు బరువులో కనీసం సగం రావాలన్నది ఫెడరల్ నియమం. 44,000 పౌండ్ల స్టీల్ ప్లేట్లకి 22,000 కావాలి. మీదుగా వేసి రెండోవైపు కట్టేలా అయితే 3/8 నాలుగు చాలు, 5/16 ఐదు పడతాయి. మొత్తం మోత పెద్దగా తగ్గదు, పైగా ఇంకో బైండరు కూడా కావాలి. కానీ ఎత్తిన ప్రతిసారీ ఎనిమిదో తొమ్మిదో పౌండ్లు తగ్గడం సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది. ఒక మెలిక: గొలుసులో అతి బలహీనమైన భాగానిదే పరిమితి. 6,600 చైనుకి 5,400 బైండరు తగిలిస్తే లెక్కలో వచ్చేది 5,400 మాత్రమే. బైండరు మీద పోతపోసిన అంకె చదివి కొనండి. అట్టపెట్టె మీద రంగుల్లో రాసింది కాదు. లోడు పొడవును బట్టి కనీస కట్టుల సంఖ్య వేరే ఉంటుంది, అదీ చూసుకోవాలి.

పొట్టివాళ్లకి పొడవాటి వించి బారు (స్ట్రాపును చుట్టి బిగించే వించిని తిప్పే కడ్డీ) అమ్మచూపుతారు. ఇది నాకు నచ్చని సలహా. 36 అంగుళాల బారు బదులు 42 తీసుకుంటే అదే బలానికి ఆరోవంతు బిగుతు ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ వించి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. దానిమీద బారు నిట్టనిలువుగా నిలిస్తే కొస ఏడడుగులు దాటుతుంది, చెయ్యే అందదు. 36 చాలు, పిడి దగ్గర గరుకు గీతలు ఉండాలి. నున్నటి క్రోమ్ వానలో సబ్బులా జారుతుంది. బారు కొస భుజం ఎత్తులో ఉండేలా వించి రంధ్రం ఎంచుకుని, రెండు చేతులూ వేసి, ఒళ్లు బరువంతా కిందికి వాల్చండి. కింద నుంచి పైకి ఎత్తి బిగించొద్దు. బారు పూర్తిగా రంధ్రంలోకి దిగిందో లేదో చూడకుండా బరువు వేయొద్దు. మొహం దాని దారిలో పెట్టొద్దు.

నాలుగంగుళాల స్ట్రాపును అంత ఎత్తు లోడు మీదుగా విసరడం భుజబలం ఉన్నవాళ్లకే కష్టం. హుక్ లోపలుండేలా గట్టిగా చుట్టి, కొస పట్టుకుని, చుట్టను విసరాలి. అందకపోతే బరువు కట్టిన సన్నతాడు ముందు అవతలికి వేసి దాంతో స్ట్రాపు లాగండి. మడిచిపెట్టుకునే కర్ర కూడా దొరుకుతుంది, అదీ పనికొస్తుంది. ఏది విసిరినా అవతల మనిషి లేడని కళ్లతో చూశాకే.

ఇక టార్పులు. అమ్మేవాళ్లు వాటర్‌ప్రూఫ్ అని పెద్దక్షరాల్లో రాసి బరువు మాత్రం ఎక్కడో మూలకి నెడతారు. మీరే లెక్క కట్టుకోవచ్చు. టార్పు 18 ఔన్సులంటే చదరపు గజం గుడ్డ బరువు అంత అని. 24×27 అడుగుల లంబర్ (కలప లోడ్ల) టార్పు 72 చదరపు గజాలు, గుడ్డే 81 పౌండ్లు. అంచులు, రింగులు, వెనక మూత కలిస్తే వందకి దగ్గరపడుతుంది, అంటే 45 కిలోలు. తడిస్తే ఇంకా పైన. 14 ఔన్సుల్లో గుడ్డ 63కి దిగుతుంది, కానీ లోహపు మూలలకి త్వరగా చిరుగుతుంది, గాలికి ఎక్కువ కొట్టుకుంటుంది. పైభాగం 18, పక్కలు 14 ఉన్నవి మధ్యేమార్గం. చిన్న మనిషికి అన్నిటికన్నా నయం మూడు ముక్కల సెట్టు. ఒక్కో ముక్క 24×18 అయితే గుడ్డ 54 పౌండ్లే. అతుకులు రెండవుతాయి, అదే లోటు. కప్పడం వెనక నుంచి మొదలుపెట్టి, ముందు ముక్క వెనక ముక్క మీదికి వచ్చేలా వేయాలి. తిరగేస్తే గాలి లోపలికి దూరి మొత్తం లేపేస్తుంది. పదునైన మూలల దగ్గర పాత కార్పెట్ ముక్కలో, మూల కవర్లో పెట్టకపోతే మొదటి వందమైళ్లలోనే బొక్కలు.

ఎంత తేలిక టార్పు కొన్నా లంబరు లోడు మీదికి చేత్తో ఎక్కించాలని చూడొద్దు. ఫోర్క్‌లిఫ్ట్‌తో పైన పెట్టించుకోవాలి, ఆ మాట చెకిన్ దగ్గరే, లోడు ఎక్కకముందే అడగాలి. లోడయ్యాక ఫోర్క్‌లిఫ్ట్ అతను ఇంకో బండికి వెళ్లిపోతాడు. పైకెక్కాల్సి వస్తే నిచ్చెన వాడండి, హార్నెస్ (పడిపోకుండా పట్టే బెల్టు) ఉన్న చోట తగిలించుకోండి. ఈ పనిలో పెద్ద దెబ్బలు బరువులతోకన్నా పడిపోవడంతోనే.

చిల్లర ఖర్చుల్లో ఐదో చక్రం (ట్రెయిలర్‌ని లాగే బండికి కలిపే భాగం) పిన్ను లాగే పొడవాటి కొక్కెం తప్పక కొనండి. ట్రెయిలర్ కిందికి దూరి వంగి లాగే పని తప్పుతుంది. ఒకవేళ ఎంత లాగినా రాకపోతే బలం సరిపోక కాదు, పిన్ను మీద ఒత్తిడి ఉంది: బండి కొద్దిగా వెనక్కి నెట్టి, బ్రేకు వేసి మళ్లీ లాగండి. తొడుగులు చేతికి సరిపోయే చిన్న సైజువే తీసుకోండి. కంపెనీ పంచే ఎల్ సైజు తొడుగు వేలి కొస బైండరు మరలో ఇరుక్కుంటుంది.