కాన్‌రాడ్ బోల్టులు కొలిచి బిగించే షెడ్డు

తిరుపతిలో ఇంజన్ పూర్తిగా విప్పించాల్సి వస్తే, రేణిగుంట రోడ్డులో నేను పని చేయించుకున్న చిన్న షెడ్డు లాంటిదే వెతుక్కోండి. పిస్టన్‌ను, ఇంజన్‌లో తిరిగే క్రాంక్ అనే ఇరుసుకు కలిపే రాడ్డే కాన్‌రాడ్; దాని కింది సగమైన క్యాప్‌ను రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. అక్కడి మేస్త్రీకి, తిప్పే బలం (టార్క్) ఎంతో చూపించే టార్క్ రెంచ్ లేకుండా ఆ బోల్టులు ముట్టుకునే అలవాటే లేదు.

నాది కొండకు తిరిగే ట్యాక్సీ. ఎక్కేటప్పుడే ఇంజన్‌కు కష్టమని చాలామంది అనుకుంటారు. కానీ దిగేటప్పుడు చిన్న గేర్‌లో ఇంజన్ వేగంగా తిరుగుతూ ఉంటుంది. పొగ బయటికి పోయే స్ట్రోక్ చివర పిస్టన్‌ను పైనుంచి నొక్కేది ఏమీ ఉండదు. పైకి దూసుకెళ్లేదాన్ని ఆపి కిందికి లాగే భారమంతా ఆ రెండు బోల్టులదే. అవి తెగితే రాడ్డు బ్లాకునే పగలగొట్టుకొని బయటికొస్తుంది.

వేరేచోట పానాకు పైపు తగిలించి, చేతికి గట్టిగా తగిలేదాకా బిగించడం చూశాను. ఇక్కడ అలా కాదు. నా ఇంజన్‌లోవి ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం కాబట్టి పాతవి పక్కన పడేసి కొత్తవే వేశాడు. ఏ రాడ్డు క్యాప్ ఆ రాడ్డుకే, గుర్తులు కలిపి పెట్టాడు. మాన్యువల్‌లో ఉన్నట్టే మరలకు, బోల్టు తల కింద ఆయిల్ రాశాడు. ఎందుకన్నా అని అడిగితే ఓపికగా చెప్పాడు: మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, పొడిగా ఉంటే రెంచ్ అదే అంకె చూపిస్తుంది కానీ బోల్టు సరిపడా సాగదు, పట్టు రాదు. రెండు బోల్టులనూ మార్చి మార్చి తక్కువ టార్క్‌కు తెచ్చి, తర్వాత యాంగిల్ గేజ్ పెట్టి డిగ్రీల లెక్కన తిప్పాడు. ఒక్కో రాడ్డు అయ్యాక క్రాంక్‌ను తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని చూశాకే ఇంకోదానికి వెళ్లాడు. పక్కన నిలబడి చూస్తానంటే సంతోషంగా ఒప్పుకున్నాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

కూలి మిగతాచోట్ల కంటే ఎక్కువ, ఈ పనికి న్యాయమే. బిల్లులో మాత్రం ఏ బోల్టు ఎంతకు బిగించాడో రాయడు, రాస్తే బాగుంటుంది. కొత్త బోల్టులు రావడం ఆలస్యమై, రద్దీ రోజుల్లో బండి షెడ్డులో ఉండిపోయింది, ఆ టెన్షన్ మామూలుగా లేదు. మీరు ఎక్కడ చేయించుకున్నా, ఇంజన్ నంబర్ ముందే ఇచ్చి, బోల్టులు వచ్చాకే బండి విప్పమనండి.