హైదరాబాద్ నుంచి అరకు దాకా ఎలక్ట్రిక్ కారులో: బండి బాగుంది, స్క్రీన్‌లో చాలా పని మిగిలుంది

అరకు వెళ్తున్నాం అనగానే తెలిసినవాళ్ళంతా అడిగింది ఒకటే, దారిలో ఛార్జింగ్ దొరుకుతుందా అని. దొరుకుతుంది. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ లైన్‌లో ఇప్పుడు ఫాస్ట్ ఛార్జర్లకి కొదవ లేదు, హైవే హోటళ్ళ ముందు, పెట్రోల్ బంకుల్లో కనిపిస్తూనే ఉంటాయి. ట్రిప్ మొత్తంలో నన్ను ఇబ్బంది పెట్టింది బండిలోని ఆ పెద్ద స్క్రీనే. మోటార్ సూపర్, సీట్లు బాగున్నాయి, మా అమ్మకి నడుం నొప్పి కూడా రాలేదు, కానీ బండికి తెలిసిన విషయం మ్యాప్‌కి చెప్పదు, మ్యాప్‌కి తెలిసింది బండికి తెలియదు, ఈ రెండిటి మధ్య లెక్కలు వేసుకుంటూ డ్రైవ్ చేయాల్సింది మనం. అందుకే ఈసారి హోటళ్ళు, తిండి, చూసిన చోట్లతో పాటు సాఫ్ట్‌వేర్‌లో ఏం మారాలో కూడా రాస్తున్నా. బండి పేరు రాయట్లేదు, ఎందుకంటే వేరే కంపెనీల బండ్లు వాడే మా ఫ్రెండ్స్ కూడా దాదాపు ఇవే చెప్తున్నారు. మాది 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ, అంటే మన కరెంటు మీటర్ లెక్కలో 45 యూనిట్లు, హైవే మీద ఏసీ వేసుకుని వంద స్పీడ్ లోపు నడిపితే 290, 300 కిలోమీటర్లు వస్తుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, ఫుల్ ఛార్జింగ్‌తో బయల్దేరితే లెక్కప్రకారం ఒక్క ఊపులో వెళ్ళిపోవచ్చు, కానీ పిల్లలు, అమ్మ ఉన్నప్పుడు అంత టెన్షన్ ఎందుకని టిఫిన్ టైమ్‌కి సూర్యాపేటలో ఆగి కొంచెం ఛార్జింగ్ పెట్టుకున్నాం. తర్వాత నందిగామ దగ్గర ఇంకో ఛార్జర్ ఉందని బండి మ్యాప్ చూపించింది, టీ తాగినట్టూ ఉంటుంది కదా అని దిగి చూస్తే ఛార్జింగ్ గన్ (బండికి గుచ్చే ప్లగ్) మీద టేప్ చుట్టి రిపేర్ అని రాసిపెట్టారు. అదే ఛార్జర్ ఆ కంపెనీ సొంత యాప్‌లో చూస్తే పనిచేయట్లేదని క్లియర్‌గా ఉంది. అంటే సమాచారం ఉంది, అది బండి స్క్రీన్ మీదకి రావట్లేదు, అంతే. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2022 డిసెంబర్‌లోనే ఈవీ యాత్ర అని ఒక యాప్ తెచ్చింది, అన్ని కంపెనీల ఛార్జర్లూ ఒక్కచోట చూపించాలనే ఆలోచనతో. అలాంటి డేటా తీసుకుని పనిచేస్తోందా, ఖాళీగా ఉందా, యూనిట్ ఎంత, ఎన్ని కిలోవాట్లు అన్న నాలుగు ముక్కలు బండి మ్యాప్‌లో చూపిస్తే చాలు. పార్కులు, షోరూములు, బట్టల షాపుల గుర్తులు మాత్రం స్క్రీన్ నిండా ఉంటాయి.

విజయవాడలో గొల్లపూడి దాటాక ఒక పెద్ద హోటల్ ఆవరణలో ఛార్జర్ దొరికింది, భోజనం బాగుంది, గోంగూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాం, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. కానీ డబ్బులు కట్టడం దగ్గర మళ్ళీ అదే గోల. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, అందులో ముందే డబ్బులు వేయాలి, మిగిలింది అందులోనే ఉండిపోతుంది. టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ 2021లోనే తప్పనిసరి చేశారు, ఒక్క స్టిక్కర్ పంతంగిలో పనిచేస్తుంది, చిల్లకల్లులో పనిచేస్తుంది, వైజాగ్ రోడ్డులో కూడా పనిచేస్తుంది. ఛార్జింగ్‌కి మాత్రం ఎండలో నిలబడి ఓటీపీ కోసం చూడాలి. గన్ పెట్టగానే బండే తన గుర్తింపు చెప్పుకుని, కరెంటు తీసుకుని, డబ్బులు కట్టేసే ప్లగ్ అండ్ ఛార్జ్ పద్ధతికి ఐఎస్ఓ 15118 అని ప్రపంచ స్థాయి ప్రమాణమే ఉంది. అంత దూరం ఇప్పుడే వెళ్ళకపోయినా కనీసం స్క్రీన్ మీద ఒక యూపీఐ క్యూఆర్ వచ్చేలా చేస్తే అమ్మ కూడా ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తుంది.

ఛార్జింగ్ అవుతున్నప్పుడు స్క్రీన్ చూపించే టైమ్ గురించి కూడా చెప్పాలి. మా బండి 100 శాతం ఎప్పుడు అవుతుందో మాత్రమే చెప్తుంది. ఫాస్ట్ ఛార్జర్ మీద 80 దాటాక స్పీడ్ పడిపోతుంది, బ్యాటరీ మంచికోసమే అది, కాబట్టి హైవే మీద వందదాకా కూర్చునేవాళ్ళు తక్కువ. నాకు కావాల్సింది, రాజమండ్రికి 15 శాతం మిగిలేలా చేరాలంటే ఇంకెన్ని నిమిషాలు కూర్చోవాలి అని. ఆ లెక్క వేయడానికి కావాల్సినవన్నీ బండి దగ్గర ఉన్నాయి, చెప్పదు, నేను ఫోన్‌లో ‘ఎ బెటర్ రూట్ ప్లానర్’ అనే వెబ్‌సైట్ తెరిచి చూసుకుంటా. అందులో బండి మోడల్, బరువు, స్పీడ్ ఇస్తే ఎక్కడ ఎంత శాతంతో చేరతామో చెప్తుంది, రోడ్డు ఎత్తుపల్లాలు కూడా కలిపి లెక్క వేస్తుంది. ఒక వెబ్‌సైట్ చేయగలిగిన పని బండి తయారుచేసినవాళ్ళు ఎందుకు చేయలేరు అన్నదే నా ప్రశ్న.

విజయవాడ నుంచి రాజమండ్రి 160 కిలోమీటర్లు, ఏలూరు, తణుకు, రావులపాలెం మీదుగా హాయిగా సాగింది. రావులపాలెంలో అరటి గెలల లారీలు, దాటగానే జొన్నాడ దగ్గర గోదావరి, తర్వాత కడియం నర్సరీలు, ఈ ముక్క మాత్రం ఏ సీజన్‌లో వెళ్ళినా బాగుంటుంది. రాత్రి రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర ఒక మామూలు హోటల్‌లో దిగాం. ఛార్జర్ లేదని బుకింగ్‌లోనే చెప్పారు, కానీ వాచ్‌మన్ అన్న సెల్లార్‌లో మోటార్ పక్కన ఉన్న 16 ఆంప్స్ సాకెట్ చూపించి పెట్టుకోండి సార్ అన్నాడు, యూనిట్లు లెక్కచూసి రిసెప్షన్‌లో డబ్బులు ఇచ్చేశాం. తెల్లారేసరికి దాదాపు 30 యూనిట్లు ఎక్కింది. రూములు పాతవే, దుప్పట్లు శుభ్రం, పుష్కర ఘాట్‌కి నడిచి వెళ్ళొచ్చు, డబ్బుకి తగ్గ హోటల్ అంటాను.

అన్నవరంలో కార్తీక మాసం రద్దీ, వ్రతాలకి వచ్చిన జనంతో కొండ కిటకిటలాడుతోంది. మేము, పిల్లలు దర్శనానికి బయల్దేరితే అమ్మ మెట్లు ఎక్కలేను, బండిలోనే కూర్చుంటానంది. ఇక్కడ ఇంకో సమస్య. మేము దిగి లాక్ చేస్తే ఏసీ ఆగిపోతుంది, లాక్ చేయకుండా ఆన్‌లో వదిలేస్తే బండి కదిలే స్థితిలో ఉంటుంది, పెద్దావిడని అలా వదలడానికి మనసొప్పదు. కొన్ని బండ్లలో క్యాంప్ మోడ్ లాంటిది ఉంది, బండి కదలదు, తలుపులు లాక్ అవుతాయి, ఏసీ నడుస్తుంది, లోపలున్నవాళ్ళు కావాలంటే తలుపు తీసుకోవచ్చు. ఏసీ ఒక గంట నడిస్తే ఒక యూనిట్ అటూ ఇటూగా పోతుంది, 45 యూనిట్ల బ్యాటరీలో అదేం పెద్ద లెక్క? చివరికి మా ఆవిడ అమ్మతో ఉండిపోయింది, తర్వాత తను వెళ్ళొచ్చింది. విస్తరాకులో కట్టిన గోధుమనూక ప్రసాదం వేడివేడిగా దొరికింది, బండి అంతా నెయ్యి వాసన.

వైజాగ్‌లో బీచ్ రోడ్డు దగ్గర హోటల్, గదిలోంచి సముద్రం కనిపిస్తుంది, ఇడ్లీలు మెత్తగా ఉన్నాయి, లిఫ్ట్ ఒక్కటే కాబట్టి పొద్దున రద్దీ. 7.2 కిలోవాట్ ఏసీ ఛార్జర్ (రాత్రంతా నిదానంగా ఎక్కించే రకం) ఉందని చూసి బుక్ చేశాం, వెళ్ళేసరికి ఆ స్లాట్‌లో డీజిల్ బండి పెట్టి ఉంది. మేనేజర్ గారు మర్యాదగానే తీయించారు కానీ అరగంట పట్టింది. ఛార్జర్ ఉన్న హోటళ్ళు ఆ చోటుని ఖాళీగా ఉంచాలి, లేకపోతే ఉందని రాయడం దేనికి? కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, ఎదురుగా విమానం మ్యూజియం పిల్లలకి తెగ నచ్చాయి, సాయంత్రం అక్కడే గడిచిపోయింది.

అసలు కథ వైజాగ్ నుంచి అరకు. 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బయల్దేరేటప్పుడు స్క్రీన్ 280 కిలోమీటర్లు వెళ్తావు అంది. అనంతగిరి దాటేసరికి అది 130కి పడిపోయింది, మేము నడిపింది మాత్రం వంద కూడా కాలేదు. వెనక సీట్లో అమ్మకి ఆ అంకె కనిపిస్తూనే ఉంది, నాన్నా ఆగిపోతామా అని అడుగుతూనే ఉంది. ఆగిపోం, లెక్క సింపుల్. బండి, మనుషులు, లగేజీ కలిపి 1800 కిలోలు అనుకుంటే సముద్రమట్టం నుంచి అరకు ఎత్తు 900 మీటర్లకి దాన్ని ఎత్తడానికే నాలుగున్నర యూనిట్ల దాకా కావాలి, అంటే మా బ్యాటరీలో పది శాతం, మామూలుగా రోడ్డు మీద అయ్యే ఖర్చు దానికి అదనం. దిగేటప్పుడు అందులో చాలాభాగం రీజెన్‌తో, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపే పద్ధతితో, వెనక్కి వస్తుంది. మాకు పైకి 45 శాతం దాకా అయింది, కిందికి 30 లోపే. కానీ స్క్రీన్ గడిచిన కొద్ది కిలోమీటర్లలో ఎంత తాగిందో చూసి ముందుంది కూడా అంతే అనుకుంటుంది, ఎదురుగా కొండ ఉందో దిగుడు ఉందో దానికి పట్టదు. మ్యాప్‌లో ఎత్తు సమాచారం ఉంది, బండికి బరువు, బ్యాటరీ తెలుసు, ఈ రెండూ కలిపితే భయపెట్టే అంకె బదులు నమ్మకమైన అంకె వస్తుంది. ఫోన్‌ని బండి స్క్రీన్‌కి కలిపే ఆండ్రాయిడ్ ఆటోలో ఈ పని చేయొచ్చని 2024లోనే తేలింది, ఫోర్డ్ మస్టాంగ్ మాక్-ఈ లాంటి బండ్లలో బ్యాటరీ సమాచారం గూగుల్ మ్యాప్స్‌కి అందేలా చేస్తున్నట్టు ప్రకటించారు. బండి కంపెనీ ఆ సమాచారం ఇవ్వడానికి ఒప్పుకోవాలి, అంతే కదా.

ఘాట్‌లో పొద్దున మంచు కమ్మేసింది, ముందు అద్దం లోపలివైపు మసకబారింది. ఆ మసక పోగొట్టే డీఫాగ్ కోసం స్క్రీన్‌లో క్లైమేట్ తెరిచి, రెండో పేజీకి వెళ్ళి, అక్కడ చిన్న బొమ్మ వెతికి నొక్కాలి, మలుపు మీద మలుపు ఉన్న రోడ్డులో, ఎదురుగా బస్సు వస్తుండగా. ఇది సౌకర్యం విషయం కానే కాదు, ప్రాణాల విషయం. ఏ యాప్ తెరిచి ఉన్నా స్క్రీన్ కింద ఒక మూల డీఫాగ్ బటన్ ఎప్పుడూ కనిపించాలి, స్టీరింగ్ మీద ఉన్న ఖాళీ బటన్‌కి దాన్ని పెట్టుకునే వీలు ఇస్తే ఇంకా మంచిది. రీజెన్ లెవెల్ కూడా అంతే, నేను ఘాట్ కోసం ఎక్కువ పెట్టుకుంటే గాలికొండ వ్యూపాయింట్‌లో ఆగి మళ్ళీ స్టార్ట్ చేయగానే తక్కువకి వచ్చేస్తుంది. డ్రైవర్ పెట్టింది గుర్తుంచుకోవాలి.

సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో కాసేపు నడిచాం, బొర్రా గుహలు తిరుగు ప్రయాణానికి ఉంచుకున్నాం. అరకులో ఒక హోమ్‌స్టేలో ఉన్నాం, ఈ ట్రిప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన బస ఇదే. చుట్టూ వలిసె పూల పొలాలు, పసుప్పచ్చగా, పొద్దున్నే కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు, ఇంటావిడ చేసిన రాగి సంకటి, నాటుకోడి కూర. కరెంటు వైరింగ్ మాత్రం పాతది, 16 ఆంప్స్ సాకెట్‌లో ఛార్జర్ పెట్టగానే కాసేపటికి ఇల్లంతా కరెంటు ట్రిప్ అయిపోయింది. 10 ఆంప్స్‌కి తగ్గిస్తే రాత్రంతా నిదానంగా ఎక్కుతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ సెట్టింగ్ బండిలో ఉంది కానీ ఫోన్ యాప్ నుంచే మార్చాలి, దానికి ఫోన్‌కీ బండికీ రెండిటికీ నెట్ ఉండాలి, ఆ లోయలో బండి సిమ్‌కి సిగ్నల్ రాదు. బండి పక్కనే నిలబడి బండికి ఒక మాట చెప్పడానికి ఎక్కడో ఉన్న సర్వర్ మధ్యలో ఎందుకు? ఆంప్స్, ఛార్జ్ లిమిట్, ఏ టైమ్‌కి మొదలవ్వాలి అన్న మూడూ స్క్రీన్‌లో, నెట్ లేకుండా పనిచేయాలి. చివరికి ఇంటాయన తమ్ముడి షాపు దగ్గర సిగ్నల్ ఉందంటే అక్కడిదాకా బండి తీసుకెళ్ళి మార్చి, వెనక్కొచ్చి ప్లగ్ పెట్టాం. వాళ్ళు ఒక్క మాట అనలేదు, పైగా టీ ఇచ్చారు.

కొండమీద రాత్రి ఛార్జింగ్ పెట్టేవాళ్ళు లిమిట్ 85 దగ్గర పెట్టుకోండి. వంద నింపుకుని దిగితే రీజెన్‌కి బ్యాటరీలో చోటుండదు, బండి రీజెన్ తగ్గించేస్తుంది, అలవాటైన పట్టు ఉండదు, ఘాట్ అంతా కాలు బ్రేక్ మీదే పెట్టాలి. ఇది కూడా బండే చెప్పాలి అంటాను, తనున్న ఎత్తు, మనం పెట్టిన గమ్యం తెలిసినప్పుడు, రేపు దిగుడు ఉంది, 85 చాలు అని ఒక్క లైన్ చూపించడం కష్టమా?

బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయటే ఉండడం మంచిది, లోపల లైట్లు, ఆ సున్నపురాయి ఆకారాలు పిల్లలు నోరు తెరిచి చూశారు. బయట దుకాణంలో బొంగులో చికెన్ తిన్నాం, కారం కాస్త తక్కువ వేయించుకోండి.

వచ్చేటప్పుడు రాజమండ్రిలో పొద్దున బయల్దేరబోతే స్క్రీన్ మీద అప్‌డేట్ రెడీ, 40 నిమిషాలు, బండి కదలదు అని వచ్చింది. తర్వాత అని నొక్కా. ఆ అప్‌డేట్‌లో ఏముందో రాసింది ఒక్క ముక్క, పనితీరు మెరుగుపరిచాం అని. ఏది బాగుచేశారో, ఏది మార్చారో తెలుగులో నాలుగు లైన్లు రాయొచ్చు, ఇంటికి చేరాక మాత్రమే అడుగు అని మనం పెట్టుకునే ఆప్షన్ ఇవ్వొచ్చు. తెలుగు అన్నాను కాబట్టి ఇంకోటి, వాయిస్ అసిస్టెంట్‌కి అమ్మ తెలుగులో ఏసీ తగ్గించమ్మా అంటే అర్థం కావాలి, ఇంగ్లీష్‌లో చెప్తేనే వినే బండిలో వెనక కూర్చున్న పెద్దవాళ్ళు ప్రతిదానికీ డ్రైవర్‌నే అడగాల్సి వస్తోంది.

హైదరాబాద్ రాగానే ఇవన్నీ రాసి కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపాను, డీఫాగ్ బటన్ మొదట, నెట్ లేకుండా ఆంప్స్ మార్చడం రెండోది, ఎత్తుతో కలిపిన రేంజ్ లెక్క మూడోది. ఈ మూడూ కొత్త సామాను అక్కర్లేకుండా అప్‌డేట్‌తో ఇవ్వగలిగినవే అని నా నమ్మకం. మీ బండిలో కూడా ఇవి లేకపోతే మీరూ రాసి పంపండి, ఎంతమంది అడిగితే అంత త్వరగా వస్తాయి.