పత్తి చేనులో లింగాకర్షక బుట్టలు: ఏడేళ్లు వాడాక నా మాట

2017 పత్తి రెండో తీతకు వచ్చేసరికి మా చేనులో కాయలు పైకి నున్నగా, పచ్చగానే ఉన్నాయి. ఒకటి పగలగొట్టి చూస్తే లోపల గింజ తింటూ గులాబీ రంగు పురుగు. బీజీ-2 విత్తనం వేశాం కదా, కాయతొలుచు పురుగు భయం లేదని అప్పటిదాకా ధీమాగా ఉన్నాం. ఆ విత్తనంలో పురుగును చంపేందుకు పెట్టిన రెండు బీటీ జన్యువులకూ ఈ పురుగు అలవాటు పడిపోయిందని, సరిగా విచ్చుకోని గుడ్డి పత్తి చేతికొచ్చాక తెలిసింది. ఆ మరుసటి ఏడాది నుంచి లింగాకర్షక బుట్టలు కడుతున్నా, అంటే ఆడ పురుగు వాసన ఉన్న ఎర పెట్టి మగ రెక్కల పురుగులను పట్టేవి. మాది వరంగల్ వైపు, ఆరెకరాల నల్లరేగడి.

విత్తిన 45 రోజులకు ఎకరానికి 4 బుట్టలు, మొక్క తల కంటే ఒక అడుగు ఎత్తులో. చేను పెరిగే కొద్దీ కర్రకు పైకి జరుపుతూ పోవాలి. ఇది మర్చిపోతే బుట్ట ఆకుల్లో మునిగిపోతుంది, పడేవి పడవు. త్రికోణం అట్ట రకం, గరాటు రకం రెండూ వాడా. అట్ట మీది జిగురు దుమ్ముకు పది రోజుల్లో పనికిరాకుండా పోయింది. గరాటు రకమే నయం, కాకపోతే కింది సంచికి సన్న రంధ్రాలు చేయకపోతే వానకు నీళ్లు నిండుతాయి. కోతులు రెండేళ్లలో పదకొండు బుట్టలు పీకేశాయి. దానికి నా దగ్గర మందు లేదు.

మొదటి ఏడాది చేసిన తప్పు చెప్పాలి. మూడు వారాలు రోజూ వెళ్లి చూసినా ఒక్క రెక్కల పురుగూ పడలేదు. "ఆ బుట్టల చేపలు పడ్డయా బిడ్డా?" అని అమ్మ ఎగతాళి. నేనేమో చేను శుభ్రంగా ఉందని మురిసిపోయా. తర్వాత చూస్తే రేకులు ముడుచుకుని విచ్చుకోని గుడ్డి పూలు కనిపించాయి, గులాబీ పురుగు చేరిందనడానికి గుర్తు అదే. టెన్షన్‌తో ఇంటికొచ్చి ఎర కవరు తిప్పి చదివితే అది శనగపచ్చ పురుగు ఎర. దుకాణంలో ఏది చేతికొస్తే అది ఇచ్చారు, నేనూ చూసుకోలేదు. ఏ పురుగు ఎర ఆ పురుగుకే పనిచేస్తుంది. అప్పటి నుంచి కవరు మీద పురుగు పేరు, గడువు తేదీ చూడకుండా డబ్బు ఇవ్వను. ఎరను తంబాకు నలిపిన చేత్తోనో, మందు కలిపిన చేత్తోనో పట్టుకోకండి. మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి.

వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడితే మందుకు సమయమైనట్టు లెక్క. నేను ఆ లెక్క ఒక్కదాన్నే నమ్మను. 20 పచ్చి కాయలు తెంపి పగలగొట్టి, రెండింట్లో పురుగుంటేనే ట్యాంకు భుజానికెత్తుతా. ముందు వేపనూనె, తర్వాత అవసరమైతే ప్రొఫెనోఫాస్. ఒకసారి తొందరపడి సెప్టెంబర్‌లోనే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టా. గులాబీ పురుగు సంగతేమో గానీ రసం పీల్చే తెల్లదోమ చేనంతా కమ్మేసింది.

బుట్టలతోనే పురుగును ఖతం చేద్దామని ఒక ఏడాది ఎకరానికి 10 కట్టా. రోజూ గుప్పెళ్లకొద్దీ పడ్డాయి, చూడటానికి భలే ఉంది. కాయల్లో మాత్రం తేడా రాలేదు. పడేవన్నీ మగవే. మిగిలిన ఒక్క మగది చాలా ఆడవాటితో జత కడుతుంది, పైగా పక్క చేలో జత కట్టిన ఆడది మన చేలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. చుట్టుపక్కల చేలల్లోనూ కడితే ఏమోగానీ, నేనొక్కణ్ణి కట్టి లాభం లేదు.

అసలు లాభం, బుట్టల్లో పడ్డవి రాసుకున్న నోటుబుక్కులో దొరికింది. మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెడితే అక్టోబర్ సగం నుంచి ఎక్కడం, నవంబర్, డిసెంబర్లలో పోటెత్తడం ప్రతిసారీ అదే వరస. నేను వేసేదేమో 180 రోజుల రకం. కాయ సైజు బాగుంటుందని, సంక్రాంతి దాటాక కూడా పూత వస్తుందని మోజు. ఆ చివరి పూత, కాయ అంతా పురుగుకు మేతే. 2021 నుంచి 150 రోజుల్లో, కాయంతా దాదాపు ఒకేసారి వచ్చే హైబ్రిడ్‌కు మారా. డిసెంబర్ ఆఖరుకు చేను ఖాళీ, మిగిలిన కాయల్లో పురుగు దాక్కోకుండా గొర్రెలను తోలి, పత్తి కట్టె పీకించేస్తున్నా. ఒక తీత పోయింది, నిజమే. కానీ మందు కొట్టడాలు ఏడు నుంచి నాలుగుకు తగ్గాయి, మిల్లు దగ్గర మచ్చ పత్తి అని ధర కోయడం ఆగింది.

విత్తనం ఎంచుకునేటప్పుడు ఆకు కూడా చూడండి. ఆకు మీద నూగు ఉంటే పచ్చదోమ తక్కువ, తెల్లదోమకు మాత్రం ఆ నూగే ఇష్టం. బుట్ట ఈ రెండు దోమలనూ పట్టించుకోదు. ఇంకోటి, విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ చిన్న ప్యాకెట్ వేరేగా వచ్చే రోజుల్లో దాన్ని అందరిలాగే నేనూ గట్టు మీద పారేశా. పురుగుకు బీటీ అలవాటు కాకుండా చుట్టూ వేయమని ఇచ్చింది అది.

ఖర్చు ఎకరానికి ఏడాదికి ఐదారొందలు. నేనైతే ఐదుకు నాలుగు మార్కులు ఇస్తా, ఆ తగ్గించిన ఒకటి కోతులకు.

ఈసారి కట్టె పీకాక కూడా జిన్నింగ్ మిల్లు వైపు గట్టున ఒక బుట్ట వదిలేశా. జనవరిలో ఒక్క రాత్రి 22 పడ్డాయి. పక్కాయన పొయ్యిలోకని పేర్చిన పత్తి కట్టె కుప్ప అక్కడికి ఇరవై అడుగులే.