ఆధ్యాత్మిక క్విజ్ లింకుతో జాగ్రత్త: మీ జవాబులతోనే మిమ్మల్ని బెదిరిస్తారు

‘మీ ఆత్మ ఏ మార్గానికి చెందినది?’ అంటూ శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపులలో ఒక క్విజ్ లింకు తిరుగుతోంది. మన నమ్మకాల గురించి ప్రశ్నలు అడిగి, మనది ఏ ఆధ్యాత్మిక మార్గమో చెబుతామంటారు. నేనూ దానికి జవాబులిచ్చాను. ప్రశ్నలన్నీ పూర్తయ్యాక ఫలితం చూడాలంటే 49 రూపాయలు కట్టమన్నారు, కట్టాను. ఆ చెల్లింపు మాటునే నెలనెలా 799 రూపాయలు తీసుకునే ఆటోపేకు కూడా నా చేత యూపీఐ పిన్ కొట్టించారన్న సంగతి, ఖాతాలో డబ్బు తగ్గిన తరువాత గాని తెలియలేదు. ఆ డబ్బు సంగతి అలా ఉంచండి. నిన్న సాయంత్రం వచ్చిన ఫోన్ గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

క్విజ్‌లో ‘ఆప్తులు మరణించిన తరువాత దేవుడిపై మీ నమ్మకం సడలిందా?’ అనే ప్రశ్న ఒకటి ఉంది. అవునని గుర్తు పెట్టి, కింద ఇచ్చిన ఖాళీలో మా నాన్నగారు పోయిన సంగతి, ఏటా రథసప్తమికి ఆయనతో కలిసి అరసవల్లి వెళ్లే నేను ఆ తరువాత వెళ్లలేకపోయిన సంగతి రాశాను. నిన్న ఫోన్ చేసిన వ్యక్తి తనను ఆధ్యాత్మిక సలహాదారుగా పరిచయం చేసుకుని, ‘అమ్మా’ అంటూ ఎంతో మెత్తగా పలకరించి, నేను రాసిన ఆ వాక్యాలనే నాకు చదివి వినిపించాడు. చదివిన తరువాత కాసేపు ఆగి, “మీరు సూర్యభగవానుడి దర్శనం మానేశారు, అందుకే మీ నాన్నగారికి గతి కుదరలేదు, ఆ దోషం మీ అబ్బాయికి తగులుతుంది” అన్నాడు. శాంతి పూజకు 11,000 రూపాయలు వెంటనే పంపాలన్నాడు. శ్రీకూర్మం శ్వేత పుష్కరిణిలో నాన్నగారి అస్థికలు కలిపి, పిండప్రదానం శాస్త్రోక్తంగా జరిపించాం, మాకు ఏ పూజా అవసరం లేదని చెప్పాను. అంతే, ఆ గొంతు మారిపోయింది. “కన్నతండ్రికి ఆ మాత్రం ఖర్చు పెట్టలేని కూతురివా నువ్వు?” అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పరాయివాడికి నా తండ్రి పేరెత్తే హక్కు ఎక్కడిది?

ఇక వారిచ్చిన ఫలితం సంగతి కూడా వినండి. శ్రీకాకుళంలో ఉన్న మా చెల్లెలు నా ఖాతాలోనే ప్రతి ప్రశ్నకూ నాకు పూర్తి వ్యతిరేకంగా జవాబులిచ్చి చూస్తే, ‘మీరు సూర్యతత్త్వ సాధకులు’ అన్న అదే పేరా అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. అంటే వారికి మన మార్గంతో పని లేదు, మన దుఃఖం ఎక్కడుందో తెలిస్తే చాలు. అన్ని క్విజ్‌లూ ఇలాంటివని నేను అనను. ఏళ్లుగా పేరున్న బిలీఫ్-ఓ-మాటిక్ అనే ఆన్‌లైన్ క్విజ్ 20 ప్రశ్నలు అడిగి, మన జవాబులు 27 విశ్వాసాలతో ఏ మేరకు కలుస్తాయో శాతాలలో చూపుతుంది. అయితే అలాంటి లెక్క కూడా ఒక మనిషి భక్తిని పూర్తిగా పట్టుకోలేదు. మన దగ్గర నమ్మకాలు పక్కపక్కనే కలిసి ఉంటాయి. విజయనగరం జిల్లా రామతీర్థంలో రాముడి గుడికి చేరువలోనే గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు ఉన్నాయి. విజయనగరం సిరిమానోత్సవానికి వచ్చి పైడితల్లమ్మకు మొక్కుకునే వారి నమ్మకాన్ని ఏ గడిలో పెడతారు?

నెలనెలా డబ్బు తీసుకునే ఆ క్విజ్ సభ్యత్వం రద్దు చేసుకోబోతే అక్కడి మీట మీద ‘నా ఆత్మ ఎదుగుదల నాకు అక్కర్లేదు’ అని రాసి ఉంది. అది నొక్కితే తప్ప బయటపడలేము. కొనుగోలుదారును ఇలా సిగ్గుపరచడం, చందాలో ఇరికించడం ఆన్‌లైన్‌లో కొనుగోలుదారులను మభ్యపెట్టే ఎత్తుగడలపై కేంద్రం 2023లో ప్రకటించిన మార్గదర్శకాలలోని 13 నిషిద్ధ పద్ధతులలో ఉన్నాయి. క్విజ్ జవాబులు ఎక్కడికి చేరతాయో 2018లోనే లోకమంతా చూసింది. వ్యక్తిత్వ పరీక్ష పేరుతో వచ్చిన ఒక ఫేస్‌బుక్ యాప్ ద్వారా 8.7 కోట్ల మంది వరకు వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థ చేతికి పోయాయి.

ఇప్పటికే డబ్బు కట్టినవారు మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతిని వెంటనే రద్దు చేయండి. క్విజ్ పేజీలో రద్దు చేశాం కదా అని ఊరుకోవద్దు. ఇంట్లో పోయినవారి వివరాలు, పిల్లల వివరాలు ఎక్కడా రాయవద్దు. నేను సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పాను. ఇదే ఫోన్ మీకూ వచ్చి ఉంటే మీరు కూడా ఫిర్యాదు చేయండి, ఆ నంబరును, చెల్లింపు రసీదును మాత్రం చెరిపివేయకండి.